విత్తన గోదాములలో పాత ప్యాలెట్ ర్యాకులు: కొనుగోలు, అమరిక, సురక్షిత వినియోగం

విత్తనోత్పత్తి చేపట్టిన రైతు ఉత్పత్తిదారుల సంఘాలకు పొలంలోని సమస్యలు ఒక ఎత్తు, నిల్వ సమస్యలు మరొక ఎత్తు. యాసంగిలో పండిన వేరుశనగ విత్తనం తొలకరి వరకు, ఫిబ్రవరి, మార్చి నెలల్లో కోసిన శనగ విత్తనం అక్టోబరు వరకు గోదాములో ఉండవలసిందే. ఈ మధ్యకాలంలో రకాలు కలిసిపోకూడదు. లాటు గుర్తింపు చెరిగిపోకూడదు. పరీక్షకు నమూనా తీయవలసివస్తే ప్రతి లాటుకూ చేయి అందాలి. నేల మీద నెట్టు కట్టిన బస్తాలలో అడుగున పడిన లాటును బయటకు తీయాలంటే పైనున్న లాట్లన్నింటినీ కదిలించక తప్పదు. ఈ ఇబ్బంది తీరుతుందన్న ఆశతోనే పలు సంఘాలు ఉక్కు ప్యాలెట్ ర్యాకుల వైపు చూస్తున్నాయి. కొత్త ర్యాకుల ధర భారమనిపించినపుడు పాతవాటి వైపు మొగ్గడం సహజం. హైదరాబాద్ పరిసరాల్లోని మేడ్చల్, శంషాబాద్, పటాన్‌చెరు వంటి ప్రాంతాల్లో పెద్ద గోదాములు ఉన్నాయి. అటువంటి గోదాము మూతపడినపుడో, అమరిక మార్చుకున్నపుడో అందులోని ర్యాకులు పాత ఇనుము వ్యాపారుల చేతికి వస్తాయి.

పాత ర్యాకు కొనడంలో తప్పేమీ లేదు. ఉక్కు వయసుతో బలహీనపడే పదార్థం కాదు. దెబ్బ, తుప్పు, అధిక భారం, పొంతనలేని విడిభాగాల కలయిక అనే నాలుగే దానిని బలహీనపరుస్తాయి. అయితే ఈ నాలుగూ పైపూత కింద దాగి ఉండగలవు. కొత్త ర్యాకుతో పాటు తయారీదారు భారసామర్థ్య పట్టిక వస్తుంది; పాత ర్యాకుతో పాటు బరువు తూచిన చీటీ మాత్రమే వస్తుంది. ఈ తేడాను విస్తరణ శాస్త్రవేత్తలు సంఘాల పాలకవర్గాలకు ముందుగా వివరించవలసి ఉంటుంది.

ర్యాకు నిజంగా అవసరమా?

ర్యాకులు పెడితే గోదాము సామర్థ్యం పెరుగుతుందన్న నమ్మకం విస్తృతంగా ఉంది. ఎత్తైన ఆధునిక గోదాముల విషయంలో అది నిజమే. గ్రామీణ గోదాముల విషయంలో చాలావరకు నిజం కాదు. ఒక ఉదాహరణ తీసుకుందాం. 30 మీటర్ల పొడవు, 15 మీటర్ల వెడల్పు గల గోదాములో నేల వైశాల్యం 450 చదరపు మీటర్లు. దారులు, గోడల పక్క ఖాళీ పోగా 60 శాతం నేల మీద 2.5 మీటర్ల ఎత్తున వరి విత్తన బస్తాలు నెట్టు కడితే, ఘనపు మీటరుకు సుమారు 580 కిలోల లెక్కన, దాదాపు 390 టన్నులు పడతాయి. అదే గోదాములో గోడల వెంట ఒక్కొక్క వరుస, మధ్యలో వీపుకు వీపు ఆనించిన జంట వరుస, వాటి మధ్య 3 మీటర్ల నడవాలు ఉండేలా ర్యాకులు అమర్చి, నేల మీద ఒకటి, దానిపై రెండు చొప్పున మూడు అంతస్తుల ప్యాలెట్లు పెడితే దాదాపు 240 ప్యాలెట్లు పడతాయి. ప్యాలెట్టుకు ఒక టన్ను లెక్కన 240 టన్నులు. అంటే పైకప్పు తక్కువ ఎత్తులో ఉన్న గోదాములో ర్యాకులు పెట్టాక నిల్వ తగ్గుతుంది.

కనుక ర్యాకు కొనవలసింది ఎక్కువ నింపుకోవడం కోసం కాదు. ఏ లాటునైనా విడిగా, వెంటనే తీయగలగడం కోసం. పది పదిహేను రకాలు, ఒక్కొక్కదానిలో చిన్న చిన్న లాట్లు నిర్వహించే సంఘానికి ఇది పెద్ద సౌలభ్యం. విత్తన ధ్రువీకరణలో మొదటి గడువు 9 నెలలు. ఆపై తిరిగి పరీక్షించి 6 నెలల చొప్పున పొడిగించుకోవచ్చు. పునఃపరీక్షకు ప్రాతినిధ్య నమూనా తీయడం నెట్టులో కష్టం, ర్యాకులో సులభం. కాని ఒకే వరి రకాన్ని రెండు మూడు పెద్ద లాట్లుగా నిల్వ చేసే సంఘానికి చెక్క దిమ్మెల మీద చక్కగా కట్టిన నెట్టే చాలు. అటువంటి సంఘం ర్యాకు కొనకపోవడమే మంచి నిర్ణయం.

భారం ఎలా దిగుతుంది?

ప్యాలెట్ ర్యాకు నిర్మాణం చూడడానికి సులభం. రెండు నిలువు స్తంభాలను వాలు పట్టీలతోనూ, అడ్డ పట్టీలతోనూ కలిపితే ఒక ఫ్రేమ్ అవుతుంది. రెండు ఫ్రేముల మధ్య ముందు ఒకటి, వెనుక ఒకటి చొప్పున బీములు తగిలిస్తే ఒక అంతస్తు అవుతుంది. బీము చివర ఉన్న కనెక్టరు కొక్కేలు స్తంభం మీది రంధ్రాలలోకి దిగి కూర్చుంటాయి. అవి పైకి లేచి ఊడిపోకుండా సేఫ్టీ పిన్ను ఆపుతుంది. స్తంభం అడుగున బేస్ ప్లేటు, దానిని నేలకు పట్టి ఉంచే యాంకరు బోల్టులు ఉంటాయి. విద్యార్థులు గమనించవలసిన విషయం ఒకటుంది. నడవాకు అడ్డంగా, అంటే ర్యాకు లోతు దిశలో, ఫ్రేములోని పట్టీలు స్థిరత్వాన్నిస్తాయి. నడవా వెంబడి దిశలో అటువంటి పట్టీలు సాధారణంగా ఉండవు. ఆ దిశలో ర్యాకును నిలబెట్టేది బీము కనెక్టరు బిగువు, బేస్ ప్లేటు పట్టు మాత్రమే. అందుచేత అరచేతిలో పట్టే కొక్కెం వంగినా, చిటికెనవేలంత పిన్ను లేకపోయినా ఆ వరుస మొత్తం స్థిరత్వం తగ్గుతుంది.

ఒక్కో అంతస్తులో టన్ను బరువున్న రెండు ప్యాలెట్లు, బీముల మీద రెండు అంతస్తులు ఉన్నాయనుకుందాం. నేల మీది ప్యాలెట్ల బరువు ర్యాకు మీద పడదు. ఒక్కో అర మీద 4 టన్నులు పడతాయి. వరుస మధ్యలోని ఫ్రేము రెండు వైపుల అరల నుంచి సగం సగం, అంటే మొత్తం 4 టన్నులు మోస్తుంది. దానిలోని ఒక్కో స్తంభానికి 2 టన్నులు. చివరి ఫ్రేములలో ఒక్కో స్తంభానికి టన్ను మాత్రమే. చివరి స్తంభానికి భారం తక్కువే గాని దెబ్బలు ఎక్కువ. ఫోర్క్‌లిఫ్టు మలుపు తిరిగేది అక్కడే.

స్తంభం విరిగి కూలదు, పక్కకు వంగి కూలుతుంది. సన్నని నిలువు కడ్డీ ఎంత భారానికి పక్కకు వంగుతుందన్నది దాని ఆధారం లేని పొడవు వర్గానికి విలోమానుపాతంలో ఉంటుందని యూలర్ సూత్రం చెబుతుంది. నేల నుంచి మొదటి బీము 1.5 మీటర్ల ఎత్తున ఉన్న ర్యాకులో, కింద ఎత్తైన ప్యాలెట్టు పట్టడం కోసం ఆ బీమును 2 మీటర్లకు జరిపితే, సూత్రం ప్రకారం స్తంభపు స్థిరత్వ పరిమితి 56 శాతానికి పడిపోతుంది. పలుచని రేకుతో మడిచిన స్తంభాలలో అసలు తగ్గుదల ఎంతన్నది పొడవుతో పాటు కోత ఆకారం, రంధ్రాలు, కనెక్టరు బిగువుల మీద కూడా ఆధారపడుతుంది. దాన్ని ఇంజనీరే లెక్కించాలి. కాని దిశ మాత్రం ఇదే. బీమును ఒక రంధ్రం పైకో కిందికో మార్చడం అలమరలో పలక మార్చడం వంటిదని గోదాము సిబ్బంది భావిస్తారు. నిజానికి మొదటి బీము ఎత్తు మార్చిన రోజు పాత భారసామర్థ్య ఫలకం చెల్లదు.

పంట మారితే బరువు మారుతుంది

ఇతర గోదాములకు లేని ఒక ప్రమాదం విత్తన గోదాముకు ఉంది. ఇక్కడ ఒకే ర్యాకు మీద ఏడాదిలో వేర్వేరు పంటలు నిలుస్తాయి. సిబ్బంది కన్ను ఎత్తును చూస్తుంది, బరువును చూడదు. వేరుశనగ కాయలు ఘనపు మీటరుకు సుమారు 250 నుంచి 300 కిలోలు, వరి 550 నుంచి 600, శనగ 750 నుంచి 800 కిలోలు తూగుతాయి. 1200 × 1000 మి.మీ. ప్యాలెట్టు మీద 1.4 మీటర్ల ఎత్తున బస్తాలు పేరిస్తే వేరుశనగ కాయలు దాదాపు 460 కిలోలు, వరి 970 కిలోలు, శనగ 1300 కిలోలు అవుతాయి. అంతస్తుకు 2000 కిలోల సామర్థ్యం గల బీముల మీద వేరుశనగ సగం కూడా నింపదు. వరి సరిగ్గా సరిపోతుంది. శనగ 30 శాతం మించిపోతుంది. అనంతపురం జిల్లాలో వేరుశనగ నిల్వకు బాగా పనిచేసిన ర్యాకు నంద్యాల ప్రాంతపు శనగకు పనికిరాకపోవచ్చు. అందుచేత ఫలకం మీద కిలోలు రాయడంతో సరిపెట్టుకోకుండా, పంటవారీగా ప్యాలెట్టుకు ఎన్ని బస్తాలో కూడా తెలుగులో రాసి పెట్టాలి. హమాలీలకు లెక్క తెలిసేది బస్తాలలోనే.

కొనేముందు

పాత ర్యాకును నిలబడి ఉండగానే చూడాలి. విప్పి గుట్టగా పోసిన తరువాత ఏ బీము ఏ స్తంభానిదో, ఏ వరుస దెబ్బతిన్నదో చెప్పడం ఎవరికీ సాధ్యం కాదు. నిలబడి ఉన్నపుడు తయారీదారు పేరు, భారసామర్థ్య ఫలకం, బీము ఎత్తులు, వాడిన పిన్నుల రకం అన్నీ కంటబడతాయి. వాటిని ఫొటోలు తీసి, ఫ్రేములకు, బీములకు పెయింటుతో సంఖ్యలు వేయించి, ఆ సంఖ్యల ప్రకారమే సరకు అప్పగించాలని ఒప్పందంలో రాయించుకోవాలి. తయారీదారు ఎవరో తెలిస్తే ఆ నమూనా భార పట్టికను, అమరిక సూచనలను అడిగి తెప్పించుకోవచ్చు. తయారీదారు తెలియని ర్యాకు విషయంలో కొందరు వ్యాపారులు చెప్పే సలహా ఒకటుంది: అమ్మేవాడు చెప్పిన సామర్థ్యంలో సగమే వాడితే చాలునని. ఇది లెక్క కాదు, ఊహ. మొదటి అంకెకే ఆధారం లేనపుడు దానిలో సగానికి ఆధారం ఎక్కడిది? కొలతలు తీసి, ఉక్కు నాణ్యత నిర్ధారించి, ఐఎస్ 801 వంటి చలి మడత ఉక్కు నియమావళి ప్రకారం లెక్కగట్టి సంతకం చేసే నిర్మాణ ఇంజనీరు దొరికితేనే అటువంటి ర్యాకును పరిశీలించాలి. లేదంటే వదిలివేయడమే మేలు.

పాత ఇనుము వ్యాపారి కిలో లెక్కన అమ్ముతాడు. ఈ పద్ధతిలో మందం ఎక్కువున్న స్తంభానికి ధర ఎక్కువ, తక్కువున్నదానికి తక్కువ. కొనేవారికి నష్టం లేదనిపిస్తుంది. ప్రమాదం వేరే చోట ఉంది. బయటి కొలతలు, రంగు ఒకటే అయినా రేకు మందం 1.6 మి.మీ. ఒకదానిది, 2 మి.మీ. మరొకదానిది ఉండవచ్చు. రెండు మూడు గోదాముల సరకు కలిపి అమ్మినపుడు ఇవి ఒకే గుట్టలో చేరుతాయి. వెర్నియర్ కాలిపర్స్‌తో ప్రతి స్తంభం అంచు మందం కొలవాలి. పైపూత మందం అందులోంచి తీసివేయాలి. రంధ్రాల అంతరం కూడా కొలవాలి. 50 మి.మీ. అంతరంతో చేసిన స్తంభాలు, అమెరికా పద్ధతిలో రెండు అంగుళాల అంతరంతో, అంటే 50.8 మి.మీ.తో చేసినవి, కంటికి ఒకేలా కనిపిస్తాయి. నాలుగు కొక్కేల కనెక్టరులో మొదటి కొక్కెం నుంచి చివరి కొక్కేనికి ఈ తేడా 2.4 మి.మీ. అవుతుంది. సుత్తితో కొడితే కొక్కేలు దిగినట్లే ఉంటాయి. కాని భారం నాలుగింటి మీద పడవలసింది ఒకటి రెండింటి మీద పడుతుంది. సుత్తి అవసరమైన కనెక్టరు ఆ స్తంభానిది కాదని గ్రహించాలి.

వంకర కొలవడానికి ఖరీదైన పరికరం అవసరం లేదు. మీటరు పొడవున్న నిక్కమైన ఉక్కు స్కేలు చాలు. వాడుకలో ఉన్న ర్యాకుల తనిఖీకి ఐరోపాలో అమలులో ఉన్న ఇఎన్ 15635 ప్రమాణం ఈ స్కేలును స్తంభానికి ఆనించి మధ్య సందును కొలవమంటుంది. నడవా వెంబడి దిశలో వంపు 5 మి.మీ., నడవాకు అడ్డంగా 3 మి.మీ., ఫ్రేము పట్టీలలో 10 మి.మీ. వరకు పచ్చ వర్గం. అది దాటి రెట్టింపు లోపు ఉంటే పసుపు వర్గం: ప్యాలెట్లు దించాక తిరిగి ఎక్కించకూడదు, నాలుగు వారాలలో సరిచేయాలి. రెట్టింపు దాటితే ఎరుపు: వెంటనే ఖాళీ చేయాలి. అడ్డదిశలో పరిమితి ఎందుకు తక్కువగా పెట్టారంటే, ఫోర్క్‌లిఫ్టు దెబ్బ ఎక్కువగా ఆ వైపు నుంచే తగులుతుంది, స్తంభం వంగితే పట్టీల జోడింపు కూడా సడలుతుంది. ఈ పరిమితులు వాడుతున్న ర్యాకుకు ఉద్దేశించినవని గుర్తుంచుకోవాలి. కొనేటపుడు పసుపు వర్గాన్ని కూడా అంగీకరించకూడదు. డబ్బిచ్చి మరమ్మతు పనిని కొనుక్కోవడంలో అర్థం లేదు. చీలిక, చిరుగు, మడత, అంచు నలిగిన స్తంభం కొలతలతో పనిలేకుండా తిరస్కరించదగినదే.

బీములను నేల మీద పక్కపక్కన పేర్చి దారం పట్టి చూడాలి. భారం కింద బీము వంగడం సహజం. బీము పొడవులో 200వ వంతు వరకు, అంటే 2.3 మీటర్ల బీముకు 11.5 మి.మీ. వరకు, వంపును సాధారణంగా అనుమతిస్తారు. భారం తీశాక అది తిరిగి నిటారు కావాలి. ఖాళీ బీములో మిగిలిన శాశ్వత వంపు ఆ అనుమతించిన వంపులో 20 శాతాన్ని, ఇక్కడ సుమారు 2.3 మి.మీ.ను, మించితే ఆ బీము ఎప్పుడో అధిక భారం మోసిందని అర్థం. కనెక్టరు వెల్డింగు చుట్టూ పైపూతలో వెంట్రుకవాసి పగుళ్లు కనిపిస్తే అక్కడ రంగు గీకి చూడాలి.

తుప్పు విషయంలో ర్యాకు పూర్వచరిత్ర ముఖ్యం. పొడి సరకుల గోదాము నుంచి వచ్చినదానికీ, ఎరువుల గోదాము నుంచి వచ్చినదానికీ చాలా తేడా ఉంది. యూరియా, అమ్మోనియం లవణాలు గాలిలోని తేమను పీల్చి స్తంభం అడుగున చేరుతాయి. మ్యూరేట్ ఆఫ్ పొటాష్‌లోని క్లోరైడు తుప్పును వేగిరపరుస్తుంది. బేస్ ప్లేటు పైన అరచేయి మేర గుంటలు పడిన తుప్పు ఉంటే, పైభాగం ఎంత మెరుస్తున్నా, ఆ స్తంభం వద్దు. కొత్తగా రంగు వేసిన పాత ర్యాకును మరింత అనుమానంగా చూడాలి. కలుపు మందులు, పురుగు మందులు నిల్వ చేసిన చోటి ర్యాకులు విత్తనానికి అసలే తగవు. మొలకశాతం మీద వాటి అవశేషాల ప్రభావాన్ని ఏ కడుగుడూ పూర్తిగా హామీ ఇచ్చి తొలగించలేదు.

సేఫ్టీ పిన్నులు, యాంకరు బోల్టులు పాతవి కొనకూడదు. విప్పేటపుడు సగం పిన్నులు పోతాయి; వాటి స్థానంలో మేకులు, తీగ ముక్కలు పెట్టే అలవాటు ఉంది. ఫోర్క్‌లిఫ్టు కింద నుంచి బీమును పొరపాటున ఎత్తినపుడు 5 కిలోన్యూటన్ల వరకు, అంటే దాదాపు 500 కిలోల బలాన్ని, ఆ పిన్ను ఆపగలగాలని ఐరోపా ప్రమాణాల అపేక్ష. తీగ ముక్క ఆ పని చేయదు.

కొలతలు కుదరకపోవడం మరొక నష్టం. 1200 × 1000 మి.మీ. ప్యాలెట్లను 1000 మి.మీ. ముఖం నడవా వైపు ఉండేలా రెండేసి పెట్టాలంటే బీము 2.3 మీటర్లు ఉండాలి, 1200 మి.మీ. ముఖం ఉండేలా పెడితే 2.7 మీటర్లు. ప్యాలెట్టు ముందు వెనుక 50 మి.మీ. చొప్పున బీముల బయటకు రావాలి కనుక ఫ్రేము లోతు ప్యాలెట్టు లోతు కంటే 100 మి.మీ. తక్కువ ఉండాలి. చవకగా దొరికాయని పొట్టి బీములు కొని, అరకు ఒక ప్యాలెట్టే పట్టడంతో సగం చోటు వృథా అవుతుంది. ధర పోల్చేటపుడు కిలో ధరను కాక, విప్పడం, రవాణా, కొత్త పిన్నులు, బోల్టులు, స్తంభ రక్షకాలు, ఇంజనీరు రుసుము కలిపి, ఒక్కో ప్యాలెట్టు స్థానానికి ఎంత పడిందో లెక్కించాలి. ఆ లెక్కలో పాతదానికి, కొత్తదానికి తేడా కొద్దిపాటిగా మిగిలితే కొత్తదే కొనాలి.

నేల, అమరిక

గ్రామీణ గోదాములలో నేల గురించి ఎవరూ అడగరు. పైన లెక్కించిన ఉదాహరణలో మధ్య స్తంభం 2 టన్నులను 100 × 120 మి.మీ. బేస్ ప్లేటు మీద దింపుతుంది. అంటే చదరపు సెంటీమీటరుకు సుమారు 17 కిలోలు. మంచి కాంక్రీటు దీన్ని సులభంగా తట్టుకుంటుంది. కాని తెలంగాణలో, రాయలసీమలో అనేక పాత గోదాముల నేల ఇసుక మీద పరిచిన తాండూరు బండలు లేదా కడప బండలు. బస్తాల నెట్టు భారం విస్తారంగా పరుచుకుంటుంది గనుక బండల నేల దానికి సరిపోయింది. ర్యాకు అదే భారాన్ని బిందువుల మీద దింపుతుంది. బండ పగులుతుంది, లేదా ఒక మూల కుంగుతుంది. యాంకరు బోల్టుకు బండలో పట్టు దొరకదు. నల్లరేగడి నేలల మీద కట్టిన గోదాములలో వర్షాకాలం నేల ఉబ్బి, వేసవిలో కుంచించుకుపోవడం వలన స్తంభాలు ఏటా ఒక వైపు ఒరుగుతాయి. ఇటువంటి చోట్ల ర్యాకు వరుసల కింద విడిగా కాంక్రీటు పట్టీలు పోయించుకోవాలి. ఆ ఖర్చు ర్యాకు ఖర్చులో భాగమే.

ర్యాకు నిటారుగా నిలిచిందో లేదో లంబసూత్రంతో చూడవచ్చు. ఎత్తులో 240వ వంతుకు మించి ఒరగకూడదని అమెరికా ప్రమాణం. 3 మీటర్ల ఎత్తుకు ఇది 12.5 మి.మీ. ఐరోపా పద్ధతిలో ఖాళీ ర్యాకుకు 350వ వంతు. నేల హెచ్చుతగ్గులను బేస్ ప్లేటు కింద ఉక్కు షిమ్ములతో సరిచేయాలి. చెక్క ముక్కలు, రాళ్లు, మడిచిన గోనె పనికిరావు. ప్రతి బేస్ ప్లేటుకూ తయారీదారు చెప్పిన సంఖ్యలో బోల్టులు బిగించాలి. వీపుకు వీపు వరుసలను దూలకాలతో కలపాలి. ర్యాకును గోడకు గాని, పైకప్పు దూలాలకు గాని ఇంజనీరు అనుమతి లేనిదే కట్టకూడదు. గోడ ఆ బలానికి కట్టినది కాదు. ఐఎస్ 1893:2016 ప్రకారం హైదరాబాద్ రెండవ, విజయవాడ, ఒంగోలు మూడవ భూకంప మండలాలలో ఉన్నాయి. కృష్ణా డెల్టాలో ర్యాకులు పెట్టే సంఘం భూకంప బలాలను కూడా లెక్కించమని ఇంజనీరును అడగాలి.

నడవా చివరి స్తంభాలకు కనీసం 400 మి.మీ. ఎత్తున ఉక్కు రక్షకాలు నేలకు బిగించాలి. స్తంభానికి బిగించకూడదు, బిగిస్తే దెబ్బ స్తంభానికే చేరుతుంది.

విత్తన నిల్వతో పొత్తు

ర్యాకులో ఏది ఎక్కడ పెట్టాలన్న విషయంలో ఇంజనీరు మాట, విత్తన శాస్త్రవేత్త మాట ఒక్కోసారి ఎదురెదురు పడతాయి. బరువైనది కింద, తేలికైనది పైన ఉండాలని ఇంజనీరు చెబుతాడు. ఉష్ణోగ్రత ప్రతి 5 డిగ్రీల పెరుగుదలకు, తేమ ప్రతి ఒక శాతం పెరుగుదలకు విత్తన ఆయుష్షు సగమవుతుందన్న హారింగ్టన్ సూత్రం ప్రకారం రేకుల పైకప్పుకు దగ్గరగా ఉన్న అంతస్తు విత్తనానికి అతి ప్రతికూలమైన చోటు. వేరుశనగ తేలికైనదే, కాని త్వరగా మొలకశక్తి కోల్పోయేది. తేలిక గనుక పైకెక్కించడమే అలవాటయింది. మే నెలలో రేకుల కింద గడిపిన వేరుశనగలో 70 శాతం కనీస మొలక నిలబడటం కష్టం. శనగను నేల మీది ప్యాలెట్లలో, వేరుశనగను మొదటి బీము మీద, వరిని బీము సామర్థ్యం లోపు పై అంతస్తులో పెట్టడం మధ్యేమార్గం. నేల ప్యాలెట్లు ర్యాకు మీద భారం మోపవు కనుక బరువైన శనగకు అదే తగిన చోటు. పై బస్తాలకు, పైకప్పుకు మధ్య కనీసం ఒక మీటరు ఖాళీ ఉంచాలి. వరిలో తేమ 13 శాతం, వేరుశనగలో 9 శాతం మించని విత్తనాన్నే ర్యాకు ఎక్కించాలి. ర్యాకు గాలిని ఆడనిస్తుంది గాని విత్తనాన్ని ఆరబెట్టదు. వానాకాలంలో ఆ గాలే తేమను తెస్తుంది.

పొగబెట్టడం మరొక చిక్కు. నెట్టు మీద పాలిథీన్ పట్టా కప్పి, అంచుల మీద ఇసుక సంచులు పెట్టి అల్యూమినియం ఫాస్ఫైడ్ వాడడం గోదాములలో పరిచితమైన పద్ధతి. ర్యాకు మీది ప్యాలెట్లకు ఇది కుదరదు. పట్టా అంచు నేలను తాకదు, వాయువు కారిపోతుంది. అరకొర వాయువులో బతికిన ముక్కపురుగు, పుచ్చుపురుగు తరతరానికీ మందుకు తట్టుకునే శక్తిని పెంచుకుంటాయి. కాబట్టి ర్యాకు ఎక్కించేముందే ప్యాలెట్లను నేల మీద ఒక చోట చేర్చి, కప్పి, అనుమతి పొందిన నిర్వాహకుల చేత పొగబెట్టించి, గాలి ఆడించి, ఆ తరువాతే పైకి ఎక్కించాలి. ఇందుకోసం నేల మీద కొంత ఖాళీ చోటును ర్యాకుల నుంచి మినహాయించుకోవాలి. కొనుగోలు దశలో ఈ చోటును ఎవరూ లెక్కలోకి తీసుకోరు. మొదటి పురుగు కనిపించినపుడు గుర్తుకు వస్తుంది.

ప్యాలెట్టు పరిస్థితి కూడా ర్యాకు భద్రతలో భాగమే. నేల మీద పనికొచ్చిన విరిగిన పలకల ప్యాలెట్టు రెండు బీముల మీద ఆనినపుడు మధ్యలో కుంగుతుంది. బస్తాలు ప్యాలెట్టు అంచు దాటకుండా, వరుస వరుసకూ దిశ మార్చి పేర్చాలి. జనపనార బస్తాకు ఉన్న పట్టు ప్లాస్టిక్ అల్లిక బస్తాకు లేదు, అవి జారతాయి. రెండవ అంతస్తు దాటాక వాటికి చుట్టు పట్టీ గాని, సాగే ఫిల్ము గాని చుట్టాలి.

తనిఖీ, మరమ్మతు

ఒక్క స్తంభం వంగితే దాని భారం పక్క స్తంభాల మీద పడుతుంది. అవీ వంగితే వరుస వరుసంతా కూలుతుంది. 2016 మే నెలలో ఇంగ్లండ్‌లోని ష్రాప్‌షైర్‌లో జున్ను నిల్వచేసిన ఒక గోదాములో ర్యాకులు ఈ విధంగా కూలి, ఫోర్క్‌లిఫ్టు డ్రైవరు సరకు కింద కూరుకుపోయాడు. గంటల తరబడి శ్రమించిన తరువాత అతనిని ప్రాణాలతో బయటకు తీయగలిగారు. అంత సహాయక యంత్రాంగం అందుబాటులో లేని గ్రామంలో, నడవాలో హమాలీలు బస్తాలు సర్దుతున్న వేళ ఇదే జరిగితే ఫలితం ఊహించుకోవచ్చు. ర్యాకుల కింద ఎవరూ కూర్చోకుండా, భోజన విరామంలో నడవాలలో పడుకోకుండా చూడడం సంఘం బాధ్యత. మధ్యాహ్నం చల్లగా ఉండే చోటు అదే కనుక ఈ మాట చెప్పవలసి వస్తోంది.

ప్రతి గోదాములో ర్యాకుల బాధ్యత ఒకరికి పేరుతో అప్పగించాలి. వారానికొకసారి అతడు టార్చిలైటుతో అన్ని స్తంభాల అడుగు మీటరును, పిన్నులను, బోల్టులను చూసి పుస్తకంలో రాయాలి. ఏడాదికి మించకుండా ఒకసారి నిపుణుడు చూడాలి. వీటికంటే ముఖ్యమైనది మరొకటి ఉంది: దెబ్బ తగిలిన వెంటనే చెప్పే అలవాటు. స్తంభాన్ని తాకించిన డ్రైవరు జీతం కోసే చోట ఏ దెబ్బా నమోదు కాదు. స్తంభాన్ని కాస్త తిప్పి, ప్యాలెట్టు అడ్డం పెట్టి ఊరుకుంటారు. చెప్పినందుకు శిక్ష లేదని పాలకవర్గం ముందే తీర్మానించి ప్రకటించాలి.

వంగిన స్తంభాన్ని గ్యాసు మంటతో వేడిచేసి నిటారు చేయడం, చిరిగిన చోట రేకు అతికి వెల్డింగు చేయడం ఊరి వెల్డింగు షాపుకు చిటికెలో పని. చలి మడతలో ఉక్కుకు వచ్చిన బలం ఆ వేడికి పోతుంది. ఒకసారి వంగి నిటారైన రేకు రెండవసారి సులభంగా వంగుతుంది. తయారీదారు అనుమతించిన పద్ధతి తప్ప వేరే మరమ్మతు వద్దు. దెబ్బతిన్న భాగాన్ని అదే తయారీదారు, అదే నమూనా భాగంతో మార్చాలి. పాత ర్యాకు కొనేటపుడే పది శాతం అదనపు బీములు, రెండు మూడు అదనపు ఫ్రేములు అదే వరుస నుంచి తెచ్చుకుంటే తరువాత వెతుకులాట తప్పుతుంది.

మార్చి తీసివేసిన స్తంభాన్ని గోదాము వెనుక ఆనించి ఉంచకూడదు. గ్యాసుతో మూడు ముక్కలుగా కోసి పాత ఇనుములో వేయాలి. ముక్కలు కాని స్తంభం రంగు వేసుకుని మరొక సంఘం గోదాముకు చేరుతుంది.